వెల్ష్ ప్రజల దెవి సాంట్: మత ప్రచారకుడా, మఠ స్థాపకుడా?

తీరరేఖ:
మార్చి 1వ తేదీన వేల్స్ అంతటా జరుపుకొనే పునీత డేవిడ్ పండుగ గురించి చదువుతున్నప్పుడు ఒక సందేహం కలిగింది. సంఘ చరిత్ర తెలిసిన సభ్యులు ఈ వేదికలో ఉన్నారు కనుక అడుగుతున్నాను. మన తెలుగు సంఘాలలో దావీదు అనగానే కీర్తనల రాజే గుర్తుకు వస్తాడు కాబట్టి, తికమక లేకుండా ఈయనను వెల్ష్ వారు పిలుచుకొనే దెవి సాంట్ అనే పేరుతోనే పిలుద్దాం.

చిన్న చిన్న పరిచయ పుస్తకాలు ఆయనను వెల్ష్ ప్రజలకు క్రైస్తవాన్ని తెచ్చిన మిషనరీ అని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకుంటాయి. ఆయన ఆరో శతాబ్దం మనిషి. మరణం 589లో అని కొందరు, 601లో అని కొందరు రాశారు. రోమన్ పాలన బ్రిటన్ నుంచి వైదొలగింది 410 ప్రాంతంలో. అప్పటికే ఆ సామ్రాజ్యంలో క్రైస్తవానికి రాజాదరణ దొరికి వందేళ్లవుతోంది. అటువంటప్పుడు, ఆ తరువాత మరో శతాబ్దానికి పుట్టిన వ్యక్తి వెల్ష్ వారికి కొత్తగా తెచ్చినది ఏమిటి? ఆయన ఎవరికి బోధించాడు?

పాతరాతి:
తీరరేఖ గారూ, మీ అనుమానం సరైన చోటే తగిలింది. ఆయన పుట్టేనాటికి వేల్స్ అన్యమతస్థుల దేశం కాదు. రోమన్ సైనిక స్థావరమైన కార్లియన్‌లో జూలియస్, ఆరన్ అనే ఇద్దరు రోమన్ల కాలంలోనే వేదసాక్షులుగా ప్రాణాలర్పించారని ఆరో శతాబ్దంలో గిల్డాస్ అనే బ్రిటన్ మతగురువు రాశాడు. ఆ గిల్డాస్ తన కాలపు రాజులను పేరుపేరునా దుయ్యబట్టాడు. హంతకులనీ వ్యభిచారులనీ మాట తప్పినవారనీ తిట్టాడు గానీ, విగ్రహారాధకులని మాత్రం ఎక్కడా అనలేదు. చెడ్డ క్రైస్తవులన్నదే ఆయన ఫిర్యాదు.

రాళ్లు కూడా అదే చెబుతున్నాయి. "ఇక్కడ శయనించి ఉన్నాడు" అని లాటిన్‌లో చెక్కిన ఐదు, ఆరు శతాబ్దాల సమాధి రాళ్లు వేల్స్‌లో అనేకం దొరికాయి. నైరుతి మూలనున్న డవెద్ రాజ్యంలో ఐర్లాండ్ నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఉండేవి కనుక, అక్కడి రాళ్ల ముఖం మీద లాటిన్ అక్షరాలు, అంచు వెంట ఐరిష్ వారి ఒగామ్ గీతల లిపి కనిపిస్తాయి. ఇప్పుడు కార్మార్థెన్ మ్యూజియంలో ఉన్న వోటెపొరిక్స్ రాయి అటువంటిదే: పైన వలయంలో సిలువ, కింద లాటిన్ పేరు, పక్కన ఒగామ్. గిల్డాస్ తిట్టిన డవెద్ రాజు వోర్టిపోర్, ఈ రాతి మీది మనిషి ఒకరేనా అన్నదానిపై పండితులలో వాదం ఉంది. ఎవరైనా కానివ్వండి, ఆ రాయి మాత్రం ఒక క్రైస్తవ పెద్దమనిషిదే.

గోదారిగట్టు:
పాతరాతి గారు చెప్పినది రాజుల స్థాయిలో నిజం కావచ్చు. అయితే దెవి జీవిత చరిత్రలోనే బోయా అనే నాయకుడి కథ ఉంది కదా. ఆ కథ తెలియనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను.

దెవి తన శిష్యులతో గ్లిన్ రోసిన్ అనే లోయకు వచ్చి, దైవనామస్మరణ చేసి, నిప్పు రాజేశాడు. దగ్గరలోనే ఒక రాతి గుట్ట మీద కోట కట్టుకొని ఉంటున్న బోయా అనే ఐరిష్ నాయకుడు ఆ పొగను చూశాడు. పొగ ఆ ప్రాంతమంతా చుట్టుకొని ఐర్లాండ్ దాకా వ్యాపిస్తున్నట్టు అతనికి కనిపించింది. చూస్తూ అన్నం కూడా ముట్టకుండా కూర్చుండిపోయాడు. భార్య వచ్చి రెచ్చగొట్టింది. మనుషులను వెంటబెట్టుకొని మఠవాసులను చంపడానికి బయలుదేరితే, దారిలోనే అందరికీ జ్వరం తగిలి చేతులు ఆడక, నోటితో తిట్టి వెనుదిరిగారు. ఇంటికి చేరేసరికి మందలోని పశువులన్నీ చచ్చిపడి ఉన్నాయి. దిక్కుతోచక వెళ్లి దెవిని శరణు వేడి, ఆ లోయను శాశ్వతంగా ఇచ్చేశాక పశువులు లేచి నిలబడ్డాయి. భార్య పగ మాత్రం చల్లారలేదు. తన దాసీలను వివస్త్రలుగా ఆలన్ ఏటి ఒడ్డుకు, మఠవాసుల కళ్లెదుటికి పంపింది. శిష్యులు బెంబేలెత్తి ఊరు విడిచిపోదామంటే, పోవలసింది మనం కాదని దెవి నిలబెట్టాడు. చివరకు ఆమె తన సవతి కూతురు దునోద్‌ను వెంట తీసుకువెళ్లి గొంతు కోసి, తానూ ఎటో మాయమైపోయింది. బోయా శత్రువు చేతిలో హతమయ్యాడు.

ఒక అన్యమత నాయకుడికీ, కొత్తగా వచ్చిన క్రైస్తవ గురువుకూ జరిగిన సంఘర్షణ కాకపోతే ఇది మరేమిటి? ఆ గుట్టను నేటికీ క్లెగిర్ బోయా అనే పిలుస్తున్నారు.

సంశయాత్మ:
గోదారిగట్టు గారూ, కథ బాగా చెప్పారు. అయితే అది ఎవరు, ఎప్పుడు, ఎందుకు రాశారో చూడకుండా ఆరో శతాబ్దపు సాక్ష్యంగా స్వీకరించలేము. దాన్ని లాటిన్‌లో రాసినవాడు రిగివార్ఖ్. కాలం పదకొండో శతాబ్దం చివరి భాగం, అంటే దెవి మరణించిన ఐదు వందల ఏళ్లకు. పునీత పాట్రిక్ వెలిగించిన నిప్పును చూసి ఐర్లాండ్ రాజు కలవరపడిన కథ అప్పటికే ప్రసిద్ధం. నిప్పు, పొగ, దాన్ని చూసిన ప్రభువు కోపం, ఆ నేల మీద అధికారం చేతులు మారడం: రెండింటి చట్రమూ ఒకటే. క్లెగిర్ బోయా గుట్టను తవ్వినప్పుడు బయటపడిన ఇళ్ల ఆనవాళ్లు, కుండ పెంకులు కూడా నవీన శిలాయుగానివి. ఊరి పక్కన మొండి గోడలతో ఒక పాత గుట్ట ఉంటే, దానికొక దుష్ట నాయకుణ్ణి తగిలించడం కథకులకు కష్టం కాదు.

ఎందుకు రాశాడన్నది మరీ ముఖ్యం. రిగివార్ఖ్ తండ్రి సిలియెన్ రెండు విడతలుగా సెయింట్ డేవిడ్స్ (గ్లిన్ రోసిన్ లోయలో దెవి మఠం ఉన్న చోట వెలసిన పీఠం) బిషప్‌గా ఉన్నాడు. ఆ రెండు విడతల నడుమ బిషప్‌గా ఉన్న అబ్రహామును 1080లో సముద్రపు దొంగలు చంపారు. 1081లో ఇంగ్లండ్‌ను జయించిన నార్మన్ రాజు విలియం ది కాంకరర్ స్వయంగా అక్కడికి వచ్చి వెళ్లాడు. 1089లో దెవి అవశేషాల పేటికను చర్చి నుంచి ఎత్తుకుపోయి, దాని బంగారం, వెండి ఒలుచుకున్నారు. 1093లో దక్షిణ వేల్స్ రాజు రీస్ ఆప్ టూడర్ చనిపోవడంతో నార్మన్లు పశ్చిమ వేల్స్‌లోని కెరెడిగియాన్ మీద విరుచుకుపడ్డారు. ఆ దుర్దశ మీద రిగివార్ఖ్ రాసిన లాటిన్ విలాప కావ్యం నేటికీ ఉంది. నార్మన్ రాజుల వెనుకనే ఇంగ్లండ్‌లోని కాంటర్‌బరీ అగ్రపీఠాధిపతి వచ్చి, వెల్ష్ బిషప్పులందరూ తనకు లోబడాలంటాడని ఆయనకు తెలుసు. ఆ భయం మధ్య రాసిన గ్రంథంలో దెవి యెరూషలేము యాత్ర చేసి, అక్కడి పాట్రియార్క్ చేతనే ఆర్చిబిషప్పుగా అభిషేకం పొందుతాడు. పాట్రిక్ అంతటివాడు అదే లోయలో స్థిరపడదామనుకుంటే, ఇది ముప్పై ఏళ్ల తరువాత పుట్టబోయేవాడికి కేటాయించిన చోటని దేవదూత చెప్పి ఐర్లాండ్‌కు పంపుతాడు. మా పీఠం ఎవరి దయా కాదు అన్న వాదనకు ఇంతకంటే గట్టి దస్తావేజు ఏముంటుంది?

గోదారిగట్టు:
ఉద్దేశం ఉన్నంత మాత్రాన అంతా కల్పన అయిపోదు కదా. ఆస్తి తగాదాలో దస్తావేజు దాఖలు చేసినవాడికీ ఒక ఉద్దేశం ఉంటుంది. అందుకని అందులోని సరిహద్దులన్నీ అబద్ధమని కొట్టివేస్తామా?

పాతరాతి:
గోదారిగట్టు గారి వాదనకు ఒక చోట గట్టి ఆధారమే ఉంది. అది బోయా కథలో లేదు, మఠ నియమాల అధ్యాయంలో ఉంది.

రిగివార్ఖ్ వర్ణించిన దినచర్య ఇలా సాగుతుంది. దుక్కి దున్నడానికి ఎద్దులను వాడకూడదు. మఠవాసులే కాడి భుజాన వేసుకొని నాగలి లాగాలి, పారలతో, గునపాలతో నేల తవ్వాలి. రొట్టె, ఉప్పు వేసిన ఆకుకూరలు, దాహానికి నీరు. వృద్ధులకూ రోగులకూ ప్రయాణ బడలికతో వచ్చినవారికీ మాత్రం కొంచెం మెరుగైన తిండి. ఏ వస్తువునూ "నాది" అనకూడదు; "నా పుస్తకం" అని నోరు జారినవాడు ప్రాయశ్చిత్తం చేసుకోవాలి. రాసుకుంటూ ఉండగా గంట వినిపిస్తే, సగం గీసిన అక్షరాన్ని అలాగే వదిలి లేవాలి. మఠంలో చేరగోరినవాడు పది రోజులు తలుపు బయటే నిలబడి చీవాట్లు భరించాలి. లోపలికి అనుమతించినా అతని ఆస్తిలో ఒక్క కాసు కూడా మఠం తీసుకోదు. దెవికి నీటిమనిషి అన్న అర్థంలో వచ్చిన బిరుదు ఈ నియమాల నుంచి పుట్టినదే.

ఇదంతా పదకొండో శతాబ్దపు ఊహ అనుకోవచ్చు గానీ, గిల్డాస్ ఉత్తరాలవని చెప్పే కొన్ని ముక్కలు మిగిలి ఉన్నాయి. వాటిలో ఆయన కొందరు అతి నిష్ఠాపరులైన మఠవాసులను ఎత్తిపొడుస్తాడు: రొట్టెను కొలిచి తింటారు కానీ గొప్పలకు కొలత లేదు, నీళ్లు తాగుతూ ద్వేషాన్ని కూడా తాగుతారు, అహంకారంతో నాగళ్లు లాగుతారు, మాంసం తినేవారినీ బండ్లెక్కేవారినీ చిన్నచూపు చూస్తారు, అన్నది ఆయన మాటల సారం. దెవి పేరు లేదు. అయినా నాగలి తామే లాగి, నీళ్లే తాగే మఠవాసులు గిల్డాస్ కాలంలో ఉన్నారనీ, వారి ధోరణి తోటి మతాధికారులకు గిట్టలేదనీ దీనివల్ల స్థిరపడుతోంది. గిట్టనివాడి నోట వచ్చిన సాక్ష్యానికి పొగడ్త కంటే బరువెక్కువ. దెవి అటువంటి ఉద్యమానికి పెద్ద అనుకుంటే, తీరరేఖ గారి ప్రశ్నకు జవాబు దొరుకుతుంది. ఆయన బోధించినది అప్పటికే బాప్తిస్మం పొంది, ఆ తరువాత ఏమీ మారని జనానికి.

కార్డిఫ్‌వాసి:
నేను ఉండేది కార్డిఫ్‌లో. సెయింట్ డేవిడ్స్‌కు వెళ్లినవారికి మొదట ఆశ్చర్యం కలిగించేది అక్కడి పెద్ద చర్చి కనిపించకపోవడం. ఊరు గట్టు మీద ఉంటుంది, చర్చి కింద ఆలన్ ఏటి పల్లంలో దాగి ఉంటుంది. సముద్రం మీది దొంగల కంటబడకుండా అక్కడ కట్టారని స్థానికులు చెబుతారు. దోపిడీల జాబితా చూస్తే ఆ ఉపాయం పెద్దగా ఫలించలేదనే అనాలి. ఊరి నుంచి కిందికి 39 మెట్లు. ఆంగ్లికన్ సంఘపు విశ్వాస సూత్రాలు 39 కనుక ఆ మెట్లను సరదాగా సూత్రాలనే పిలుస్తారు. ఇప్పటి కట్టడాన్ని 1181లో మొదలుపెట్టారు. తేమ నేల కావడం వల్ల లోపలి స్తంభాలు బయటికి ఒరిగి ఉంటాయి, పడమటి ద్వారం నుంచి తూర్పు కొసకు నేల స్పష్టంగా ఎత్తు పెరుగుతుంది. రెండు వేలమంది కూడా లేని ఈ ఊరికి 1990లలో నగర హోదా తిరిగి ఇచ్చారు. బ్రిటన్‌లో ఇంత తక్కువ జనాభా గల నగరం మరొకటి లేదు.

ఊరికి దక్షిణంగా సముద్రపు కొండ అంచున ఆయన తల్లి నోన్ పేరిట శిథిలమైన చిన్న ప్రార్థనాలయం, పక్కనే ఊటబావి ఉన్నాయి. కెరెడిగియాన్ రాజు సాంట్ చేతిలో బలాత్కారానికి గురైన నోన్, తుఫాను రాత్రి అక్కడ దెవిని కన్నదని కథ. కంటి జబ్బులకు ఆ బావి నీరు మంచిదన్న నమ్మకం ఇంకా ఉంది.

నీలిమేఘం:
నాకు రెండు ప్రశ్నలు ఉన్నాయి. ల్లాన్‌దెవి బ్రెవి అనే ఊళ్లో జరిగిన మహాసభలో ఆయన పెలేజియస్ బోధను ఖండించాడంటారు. ఆ బోధ ఏమిటి? ఆయన మాట్లాడుతుండగా కాళ్ల కింది నేల పైకి లేచి గుట్ట అయిందన్న కథ ఎంత పాతది?

సంశయాత్మ:
రెండో ప్రశ్నకు ముందు జవాబు: ఆ కథ రిగివార్ఖ్ గ్రంథంలోనే ఉంది. 118 మంది బిషప్పులు, లెక్కలేనంత జనం కూడిన సభలో ఎవరి గొంతూ అందరికీ వినిపించలేదట. దెవికి చదువు చెప్పిన పాలినస్ సలహా మీద దెవిని పిలిపించారు. దారిలో ఒక విధవరాలి కొడుకును బ్రతికించి, తన సువార్త గ్రంథాన్ని ఆ అబ్బాయి చేతికే ఇచ్చి మోయించి, ఆయన సభకు వచ్చాడు. బట్టలు గుట్టగా పోసి దాని మీద నిలబడమంటే వద్దని, చదును నేల మీదనే నిలబడి మాట్లాడితే, నేలే పైకి లేచింది. భుజం మీద పావురం వాలిన కథా దీనితోపాటే ప్రచారంలో ఉంది. కొండలకు కొదవలేని ఆ ప్రాంతంలో మరో గుట్టను పుట్టించడం కంటే అనవసరమైన అద్భుతం ఉండదని వెల్ష్ చరిత్రకారుడే ఒకరు చమత్కరించాడు. ఆ ఊరి చర్చి నేటికీ గుట్ట మీదనే ఉంది, అంతవరకు నిజం.

పెలేజియస్ బ్రిటన్‌లో పుట్టి రోమ్‌లో బోధించినవాడు. ఆదాము పాపం జన్మతో సంక్రమించదనీ, మనిషి తన సంకల్పబలంతో ఆజ్ఞలను పాటించగలడనీ ఆయన వాదం. పునీత అగస్టీన్ దాన్ని తీవ్రంగా ఎదిరించి, దైవకృప లేనిదే ఏదీ సాధ్యం కాదన్నాడు. ఆ బోధను అణచడానికి గాల్ దేశపు (నేటి ఫ్రాన్స్) బిషప్ జెర్మానస్ 429లోనే బ్రిటన్‌కు వచ్చాడు. వందేళ్ల తరువాత కూడా 118 మంది బిషప్పులు చేరవలసినంతగా అది బలంగా ఉందనడానికి వేరే ఆధారం లేదు.

పాతరాతి:
దీనికి ఒక చేర్పు. దెవి పేరుతోనూ, ఆ సభ తరువాత జరిగిందని రిగివార్ఖ్ చెప్పిన విజయ మహాసభ పేరుతోనూ ప్రాయశ్చిత్త నియమాల సంపుటాలు కొన్ని మనకు దక్కాయి. వాటిలో పెలేజియస్ ఊసే లేదు. తాగి ఆరాధనకు వచ్చిన గురువుకు ఏ శిక్ష, దొంగతనానికి ఏమిటి, వ్యభిచారానికి ఏమిటి అన్నవే ఉన్నాయి. దేశం మీదికి వచ్చిన అన్యజాతి దండుకు దారి చూపినవాడు ఏళ్ల తరబడి ప్రాయశ్చిత్తం చేయాలి. అతనివల్ల క్రైస్తవుల రక్తం చిందితే జీవితాంతం చేయాలి. బోధ ఎవరికి జరిగిందన్న ప్రశ్నకు ఇవి కూడా జవాబే. శత్రువుకు దారి చూపే పొరుగువాడు, మత్తులో పీఠమెక్కే గురువు, ఇటువంటివారిని దారిలో పెట్టే పని అది.

తీరరేఖ:
చర్చ ఇంత దూరం వచ్చినందుకు సంతోషం. మరి వెల్ష్ గురువులు తమ పక్కనున్న అన్యమత ఆంగ్లో సాక్సన్లకు ఎందుకు బోధించలేదు? అసలైన మిషనరీ పని అక్కడ ఉంది కదా.

సంశయాత్మ:
731లో చరిత్ర రాసిన ఆంగ్ల మఠవాసి బీడ్ వారిపై మోపిన నేరం ఇదే. కాంటర్‌బరీకి వచ్చిన అగస్టీన్ (పెలేజియస్‌ను ఎదిరించిన అగస్టీన్ కాదు, వేరొకరు) 603 ప్రాంతంలో బ్రిటన్ల బిషప్పులను సమావేశపరిచి, ఈస్టర్ తేదీని రోమ్ లెక్క ప్రకారం జరపమనీ, తనతో కలిసి ఆంగ్లులకు బోధించమనీ కోరాడు. సభకు వెళ్లే ముందు వారు ఒక ఏకాంతవాసిని సలహా అడిగితే, మీరు వచ్చినప్పుడు ఆయన లేచి నిలబడితే వినయవంతుడు, కూర్చునే ఉంటే వినవద్దు అన్నాడట. అగస్టీన్ లేవలేదు, సంధి కుదరలేదు. వేల్స్‌లో రోమన్ ఈస్టర్ లెక్కను 768లో గాని స్వీకరించలేదు. తమ భూములను లాక్కుంటున్నవారికి స్వర్గపు దారి చూపడానికి మనసు రాలేదన్నది నా అభిప్రాయం. బీడ్ తన గ్రంథంలో దెవి పేరు ఒక్కసారీ ఎత్తలేదు.

గోదారిగట్టు:
పడమటి వైపు మాత్రం వారు చురుకుగానే వెళ్లారు. ఫెర్న్స్ మఠాన్ని స్థాపించిన ఐదాన్ దెవి శిష్యుడని ఐరిష్ సంప్రదాయం కూడా చెబుతుంది. మొదోమ్నోక్ అనే శిష్యుడు ఐర్లాండ్‌కు ఓడ ఎక్కితే, అతను పెంచిన తేనెటీగలు గుంపుగా వెంటపడ్డాయట. తిప్పి తెచ్చి దించినా మళ్లీ వచ్చాయి, చివరకు దెవి దీవించి వాటినీ పంపించాడు. 800 ప్రాంతపు ఐరిష్ పునీతుల పంచాంగంలో మార్చి 1 కింద దెవి పేరు ఉంది. రిగివార్ఖ్ పుట్టుకకు అది రెండు శతాబ్దాలకు పైగా ముందు మాట. కనుక ఆయన కీర్తి అంతా రిగివార్ఖ్ కల్పించినదే అనడానికి వీలులేదు.

నీలిమేఘం:
ఆయన అవశేషాలు ఇంకా ఉన్నాయా?

కార్డిఫ్‌వాసి:
1538లో బిషప్ విలియం బార్లో చర్చిలోని దెవి అవశేషాల మందిరాన్ని ఒలిచి ఆభరణాలు, అవశేషాలు స్వాధీనం చేసుకున్నాడు. పందొమ్మిదో శతాబ్దపు మరమ్మతులలో గోడలో ఎముకలు దొరికితే, అవి దెవివే అని చాలాకాలం నమ్మారు. 1990లలో రేడియోకార్బన్ పరీక్ష జరిపితే, అవి ఆయన తరువాత ఎన్నో శతాబ్దాలకు మరణించినవారివని తేలింది. 1275 నాటి రాతి మందిరాన్ని మాత్రం 2012లో కొత్త చిత్రాలతో పునరుద్ధరించారు.

తీరరేఖ:
చివరిగా ఒక సందేహం. ఇటువంటి మఠ స్థాపకులు అప్పట్లో చాలామంది ఉండగా, వేల్స్ మొత్తానికి ఈయనే ఎలా ప్రతినిధి అయ్యాడు?

పాతరాతి:
మొదట కాలేదు. మధ్యయుగపు చర్చిలను పటంలో గుర్తిస్తే, దెవి పేరు మోసేవి దక్షిణ వేల్స్‌లోనే యాభైకి పైగా ఉన్నాయి, ఉత్తరాన కనబడవు. ఉత్తరాన బ్యూనో, బాంగోర్‌లో దైనియోల్, గ్లమోర్గన్‌లో ఇల్టుద్, ఇలా ఎవరి ప్రాంతానికి వారే పెద్ద. పాండిత్యంలో చూస్తే ఇల్టుద్ పేరే ముందు వినబడేది. పదో శతాబ్దపు ఒక వెల్ష్ పద్యంలో, సాక్సన్లను తరిమే సేనలు దెవి పవిత్ర ధ్వజాన్ని ఎత్తుతాయన్న జోస్యం ఉంది. రాజకీయ ప్రతీకగా ఆయన ఎదుగుదల అక్కడ స్పష్టంగా కనబడుతుంది. ఆ తరువాత రిగివార్ఖ్. 1120లలో పోప్ రెండవ కాలిక్స్టస్ ఆమోదంతో, సెయింట్ డేవిడ్స్‌కు రెండుసార్లు యాత్ర చేస్తే రోమ్‌కు ఒకసారి వెళ్లినంత ఫలమన్న మాట స్థిరపడింది.

నేడు అందరూ ఉటంకించే చివరి ఉపదేశం, సంతోషంగా ఉండండి, విశ్వాసాన్ని నిలుపుకోండి, నా దగ్గర విన్న, చూసిన చిన్న పనులు చేయండి అన్నది, ఆ రూపంలో 1346 నాటి వెల్ష్ వ్రాతప్రతిలో దొరుకుతుంది. రిగివార్ఖ్ లాటిన్‌లో, నా దగ్గర నేర్చుకున్నవాటిలో నిలకడగా ఉండండి అన్నంత వరకే ఉంది.

సంశయాత్మ:
రిగివార్ఖ్ వేసిన వ్యాజ్యం ఏమైందో కూడా చెప్పుకోవాలి. గెరాల్డ్ ఆఫ్ వేల్స్ అనే మతాధికారి 1199 నుంచి 1203 వరకు అదే వాదంతో రోమ్ చుట్టూ తిరిగి, పోప్ మూడవ ఇన్నోసెంట్ ఎదుట వాదించి ఓడిపోయాడు. వెల్ష్ మేత్రాసనాలు కాంటర్‌బరీ కిందనే ఉండిపోయి, 1920లో గాని విడివడి ప్రత్యేక సంఘం కాలేదు. అప్పుడు ఎన్నికైన మొదటి ఆర్చిబిషప్ సెయింట్ డేవిడ్స్ పీఠంవాడు కాదు, ఉత్తరాన సెయింట్ అసాఫ్ బిషప్పుగా ఉన్న ఎ. జి. ఎడ్వర్డ్స్.